మార్కుల సాక్ష్యం



ఈ ధర్మనిధిని నిలబెట్టిన పూర్వ విద్యార్థులకు లెక్కలు నేర్పిన మాస్టారు పేపరు దిద్దే తీరు ఈ హాల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది. జవాబు తప్పయినా లెక్క ఎంతవరకు సరిగ్గా నడిచిందో అక్కడ ఎర్ర సిరాతో ఒక గీత గీసి, అంతవరకూ మార్కులు వేసేవారు. జవాబు సరిగ్గా ఉండి మధ్యలో స్టెప్పులు లేకపోతే ఆ పిల్లవాణ్ణి పిలిచి బోర్డు మీద చేయించేవారు. ఒక అంకె వేసే ముందు ఆ అంకె దేన్ని గురించి చెబుతోందో తేల్చుకునే అలవాటు అది. అందుకే ఈ ఏడాది ఉపన్యాసానికి పరీక్ష మార్కునే విషయంగా తీసుకున్నాను. పేరుమోసిన అమెరికన్ విశ్వవిద్యాలయాలు సీటు ఇచ్చేటప్పుడు శాట్ అనే ప్రవేశ పరీక్ష మార్కు చూడాలా వద్దా అని వందేళ్లుగా ఒక తగువు నడుస్తోంది. మాట్లాడబోయేది ముఖ్యంగా దాని గురించే.

అమెరికా గొడవ మనకెందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. మన ఊళ్ల నుంచి వెళ్లి న్యూజెర్సీలోనో డాలస్‌లోనో స్థిరపడినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఆ పరీక్ష రాస్తున్నారు. ఆ గొడవలో వాళ్లూ ఒక పక్షం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. మనం అంతా ఒక్క పరీక్షకే వదిలేశాం. వాళ్లు పరీక్షను పక్కనపెట్టి చూశారు, కొన్నేళ్లకే చాలామంది మళ్లీ తెచ్చుకున్నారు. మనం చేయని ప్రయోగం వాళ్లు చేశారు కాబట్టి దాని ఫలితం మనకు పనికొస్తుంది.

నా వాదన ముందే చెప్పేస్తాను. పరీక్ష మార్కు ఒక సాక్షి. దాని మాట వినాలి, దాన్ని అడ్డుప్రశ్నలు అడగాలి. దాన్ని బోనులోంచి దించేస్తే నష్టపోయేది వేరే సాక్షి దొరకని పిల్లవాడు. దాన్నే తీసుకెళ్లి న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెడితే మొత్తం పిల్లల బాల్యమే దాని చెప్పుచేతల్లోకి పోతుంది. మొదటి పొరపాటు అమెరికాది, వాళ్లు దిద్దుకుంటున్నారు. రెండోది మనది.

1926

అమెరికాలో కాలేజ్ బోర్డ్ 1900లో ఏర్పడింది. 1901 జూన్‌లో అది పెట్టిన మొదటి పరీక్షలు 973 మంది రాశారు. అవి వ్యాసాల పరీక్షలు. లాటిన్, గ్రీకు కూడా ఉండేవి. ఆ భాషలు బాగా చెప్పే బడులు ఎవరికి అందుబాటులో ఉండేవో చెప్పనక్కర్లేదు. తూర్పు తీరంలోని కొన్ని ఖరీదైన రెసిడెన్షియల్ బడుల నుంచి హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్‌లకు దారి నేరుగా ఉండేది.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ యెర్కీస్ నాయకత్వంలో సుమారు 17 లక్షల మంది సైనికులకు తెలివితేటల పరీక్షలు పెట్టారు. ఆ బృందంలో పనిచేసిన ప్రిన్స్‌టన్ అధ్యాపకుడు కార్ల్ బ్రిగమ్ ఆ మార్కులు పట్టుకుని 1923లో ఒక పుస్తకం రాశాడు. ఉత్తర యూరప్ మూలాలున్న జాతి మిగతావాటికన్నా తెలివైందని, వలసలు, సంకరం వల్ల అమెరికన్ల తెలివి దిగజారుతోందని అందులో వాదించాడు. వలసలకు తలుపులు మూసి ఆసియావాళ్లను దాదాపు పూర్తిగా ఆపేసిన 1924 చట్టం నాటి వాతావరణం అది. 1930లో బ్రిగమే ఆ వాదనకు ఆధారం లేదని రాసి వెనక్కి తీసుకున్నాడు. కానీ ఆలోగానే కాలేజ్ బోర్డ్ కోసం ఒక కొత్త పరీక్ష తయారుచేసి పెట్టాడు. 1926 జూన్ 23న 8,040 మంది రాసిన మొదటి శాట్ అదే. 97 నిమిషాల్లో 315 ప్రశ్నలు, తొమ్మిది విభాగాలు. పదాలకు అర్థాలు, లెక్కలు, అంకెల వరసలు వాటిలో కొన్ని. ఒక విభాగంలో లేని భాష ఒకటి కల్పించి, దాని వ్యాకరణం, మాటలు ఇచ్చి అనువదించమన్నారు. లాటిన్ వచ్చా రాదా అన్నది అక్కడ పనిచేయదు. కొత్త నియమాన్ని ఎంత త్వరగా పట్టుకుంటావన్నదే లెక్క.

అదే 1926లో హార్వర్డ్‌లో ఇంకో పద్ధతి వచ్చింది. ఆ కథ తెలియకపోతే తర్వాతి వందేళ్లు అర్థం కావు. 1920ల మొదట్లో హార్వర్డ్‌కు వచ్చే కొత్త విద్యార్థుల్లో ఐదోవంతుకు పైగా యూదులు. ఎక్కువమంది వలస కుటుంబాల పిల్లలు, పరీక్షల్లో గట్టివాళ్లు. ప్రెసిడెంట్ లారెన్స్ లోవెల్‌కు ఇది నచ్చలేదు. వాళ్ల సంఖ్యకు బహిరంగంగా హద్దు పెట్టాలని 1922లో ప్రయత్నించాడు, కుదరలేదు. 1926 నాటికి పని వేరే దారిన జరిగింది. మార్కులతో పాటు శీలం, వ్యక్తిత్వం, నాయకత్వ లక్షణం చూస్తామన్నారు. దరఖాస్తుతో ఫొటో పెట్టమన్నారు. పూర్వ విద్యార్థుల పిల్లలకు మొగ్గు చూపడమూ ఆ కాలంలోనే స్థిరపడింది. ఎక్కడా యూదులన్న మాట రాయలేదు, వాళ్ల సంఖ్య మాత్రం తగ్గింది. జెరోమ్ కారబెల్ 2005లో అచ్చయిన తన పుస్తకంలో ఈ చరిత్రంతా పాత దస్తావేజుల ఆధారంగా వివరించాడు. ఇవాళ అమెరికన్ విశ్వవిద్యాలయాలు అభ్యర్థిని సమగ్రంగా చూస్తామని గర్వంగా చెప్పుకునే పద్ధతికి అది మొదలు.

ఒకే ఏడాది వచ్చిన ఈ రెండు పద్ధతుల్లో ఏదీ పవిత్రంగా పుట్టలేదు. ఒకదాని వెనక జాతి అహంకారం ఉంది, రెండోదాని వెనక జాతి భయం. కాబట్టి పుట్టుకను బట్టి తీర్పు చెప్పలేం. ఏది ఎవరి చేతికి పోయి ఏం చేసిందో చూడాలి.

1933లో హార్వర్డ్ ప్రెసిడెంట్ అయిన జేమ్స్ కోనంట్ శాట్‌ను ఇంకో పనికి వాడాడు. తూర్పు తీరపు బడుల ముఖం చూడని పిల్లల్లో చురుకైనవాళ్లను వెతకడానికి 1934లో స్కాలర్‌షిప్‌లు మొదలుపెట్టి, ఎంపిక పని హెన్రీ చాన్సీకి అప్పగించాడు. చాన్సీ ఎంచుకున్న పరికరం శాట్. ఇల్లినాయ్ రాష్ట్రపు చిన్న పట్టణం నుంచి అలా 1935లో హార్వర్డ్ చేరినవాడు జేమ్స్ టోబిన్. 1981లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నది ఆయనే. 1947లో శాట్ లాంటి పరీక్షలు తయారుచేసే ఈటీఎస్ సంస్థ ఏర్పడినప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు చాన్సీ. జాతి గర్వంతో మొదలైనవాడు కట్టిన పరీక్ష ఊరూ పేరూ లేని పిల్లవాడి తరఫున మాట్లాడగలిగింది. సాక్షి ఎవరి మనిషని కాదు, ఏం చూసి చెబుతున్నాడన్నదే ముఖ్యం.

అంకె ఎలా తయారవుతుంది

ఇప్పటి శాట్ కంప్యూటర్ మీద రాసేది. 2 గంటల 14 నిమిషాల్లో 98 ప్రశ్నలు: చదవడం, రాయడం కలిపి 54, లెక్కలు 44. ఒక్కో విభాగానికి 200 నుంచి 800 దాకా, మొత్తం 1600. ప్రతి విభాగం రెండు భాగాలుగా వస్తుంది. మొదటి భాగం ఎలా చేశావన్నదాన్ని బట్టి రెండోది కఠినంగానో తేలిగ్గానో వస్తుంది. మార్కుల్లోకి రాని ప్రశ్నలు కొన్ని మధ్యలో కలిపి పెడతారు. తర్వాతి పరీక్షలకు వాటిని పరీక్షించి చూసుకోవడానికి. మార్చిలో రాసినవాడి 700, అక్టోబరులో రాసినవాడి 700 ఒకటే అయ్యేలా సరిచూసే పని వెనక ఉంటుంది. ఇది తేలికైన పని కాదు. రెండు బడుల్లో ఇద్దరు టీచర్లు వేసిన 90 ఒకటి కాదు. శాట్ 700 మాత్రం అలాస్కాలోనైనా అలబామాలోనైనా ఒకటే. దాని బలమంతా ఇక్కడే ఉంది.

దాని బలహీనత కూడా పరీక్ష పెట్టేవాళ్లే ఒప్పుకుంటారు. ఒకే పిల్లవాడు మర్నాడు మళ్లీ రాస్తే ఒక్కో విభాగంలో సుమారు 30 మార్కులు అటూఇటూ కావచ్చు. అంటే 760కీ 780కీ మధ్య తేడా ఆ రోజు నిద్ర పట్టిందా లేదా అన్నంత తేడా. 760కీ 560కీ మధ్య తేడా మాత్రం నిద్రది కాదు, చదువుది. ఈ రెండు సంగతులూ ఒకేసారి నిజం. నా వాదన మొత్తం దీని మీదే నిలబడుతుంది.

ప్రశ్నలోనే పక్షపాతం ఉండవచ్చు. పాత శాట్‌లో సామ్యాల ప్రశ్నలుండేవి. పరుగెత్తేవాడికీ మారథాన్‌కూ ఉన్న సంబంధం లాంటిది వెతకమన్న ప్రశ్న ఒకటి బాగా పేరుపడింది. సరైన జవాబు: తెడ్డు వేసేవాడు, రెగట్టా. రెగట్టా అంటే పడవ పందేలు. పైతరగతి క్లబ్బుల్లో తిరిగిన పిల్లవాడికి అది వీధిలో మాట. పుట్టినప్పటి నుంచి పడవ ఎక్కే మన కోనసీమ పిల్లవాడికైనా తెలియదు. ఇలాంటి విమర్శలు వచ్చి వచ్చి 2005లో సామ్యాల ప్రశ్నలు ఎత్తేశారు. ప్రశ్నలోని తప్పు కంటికి కనిపిస్తుంది కాబట్టి దిద్దగలిగారు. వ్యక్తిత్వానికి గుప్తంగా వేసిన మార్కులో తప్పుంటే దాన్ని పట్టుకోవాలంటే కోర్టుకు వెళ్లాలి. ఆ సంగతికి వస్తాను.

ఇక కోచింగ్. స్టాన్లీ కాప్లన్ బ్రూక్లిన్‌లోని తమ ఇంటి బేస్‌మెంటులో 1938లో ట్యూషన్లు మొదలుపెట్టి, 1946 నుంచి శాట్ చెప్పాడు. ఇప్పుడది పెద్ద వ్యాపారం. ప్రకటనల్లో వందల మార్కుల పెరుగుదల చూపిస్తారు గానీ, పరిశోధకులు లెక్కగట్టిన సగటు లాభం సుమారు 30 మార్కులే. మన దగ్గర జేఈఈ కోచింగ్‌తో పోలిస్తే ఇది ఏపాటి! శాట్ లెక్కలు హైస్కూలు స్థాయి దాటవు, జేఈఈ అడ్వాన్స్‌డ్ దాటుతుంది. బడిలో చెప్పనిది పరీక్షలో అడిగితే బడి బయట చెప్పేవాడికి గిరాకీ పుడుతుంది.

పరీక్ష లేని నాలుగేళ్లు

శాట్ అక్కర్లేదన్న కాలేజీలు మొదటి నుంచీ కొన్ని ఉన్నాయి. మెయిన్ రాష్ట్రంలోని బౌడన్ కాలేజీ 1969లోనే దాన్ని ఐచ్ఛికం చేసింది. 2018లో చికాగో విశ్వవిద్యాలయం చేరింది. 2020లో కోవిడ్ వచ్చి పరీక్ష కేంద్రాలు మూతపడ్డాయి, దాదాపు అందరూ ఐచ్ఛికం చేశారు. ఇష్టమైతే మార్కు పంపు, లేకపోతే మానెయ్.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇంకా ముందుకు పోయింది. అధ్యాపకుల కమిటీ ఏడాది పాటు లెక్కలు చూసి 2020 జనవరిలో నివేదిక ఇచ్చింది. తమ విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది ఫలితాలను హైస్కూలు గ్రేడ్ల కన్నా శాట్ మార్కే బాగా ముందుగా చెబుతోందని, వెనకబడిన వర్గాల పిల్లల విషయంలోనూ అది పనికొస్తోందని అందులో తేలింది. అయినా మే నెలలో పాలకమండలి ఏకగ్రీవంగా శాట్‌ను ఎత్తేసింది. న్యాయం చేయాలన్న తపన నిజమైనదే. కానీ తమ సొంత లెక్కలనే పక్కన పెట్టారు.

తర్వాత ఏమైంది? శాండియాగో ప్రాంగణంలోని అధ్యాపకులు, అధికారులు కలిసి 2025 నవంబరులో ఒక నివేదిక బయటపెట్టారు. లెక్కల్లో హైస్కూలు స్థాయి కూడా లేకుండా వచ్చి చేరుతున్నవాళ్లు ఐదేళ్లలో దాదాపు ముప్పై రెట్లు పెరిగారు, కొత్తగా వచ్చిన ప్రతి ఎనిమిది మందిలో ఒకరు అలాంటివాళ్లే. అలాంటివారి కోసం పెట్టిన లెక్కల తరగతిలో ఏడుకు రెండు కలిపితే ఎంతకు ఆరు కలిపినట్టు అన్న ప్రశ్నకు నాలుగోవంతు మంది తప్పు రాశారు. ఆ తరగతిలోనే హైస్కూలు లెక్కల్లో నూటికి నూరు గ్రేడు తెచ్చుకున్నవాళ్లు నాలుగోవంతుకు పైగా ఉన్నారు. నివేదిక కోవిడ్‌ను, బడుల్లో ఉదారంగా వేసే గ్రేడ్లను కూడా కారణాలుగా చెప్పింది. ఒక్క శాట్ ఎత్తేయడం వల్లే ఇదంతా జరిగిందనడం అన్యాయం. కానీ శాట్ ఉంటే ఆ తేడా సీటు ఇచ్చే ముందే కనిపించేది. ఆ పిల్లలకు వేసవిలోనే సాయం అందించే వీలుండేది. చూడకుండా చేర్చుకోవడం దయలా కనిపిస్తుంది. ఆ దయ ఖరీదు సెప్టెంబరులో ఆ పిల్లలే చెల్లిస్తారు.

డార్ట్‌మత్ కాలేజీలో జరిగింది ఇంకా ఆలోచింపజేస్తుంది. అక్కడ నలుగురు అధ్యాపకులు, ముగ్గురు అర్థశాస్త్రంవాళ్లు, ఒకరు విద్యాశాస్త్రం, లెక్కలు తీశారు. 1400 వచ్చిన పేద కుటుంబపు పిల్ల ఒకతె దరఖాస్తు నింపుతోందనుకుందాం. ఆమె బడిలో సగటు 1000 దగ్గర ఉంటుంది. కాలేజీ వెబ్‌సైట్‌లో చేరినవాళ్ల సగటు 1500 పైన కనిపిస్తోంది. నా 1400 పంపితే నవ్వుతారని మానేస్తుంది. కమిటీ గదిలో మాత్రం సంగతి వేరు. ఆ బడి నుంచి 1400 అంటే వాళ్లకు అది గొప్ప అంకె. పంపి ఉంటే ఆమెకు సీటు వచ్చే అవకాశం బాగా పెరిగేది. పంపలేదు కాబట్టి కమిటీకి తెలియనే లేదు. ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు కాదు, వందల్లో ఉన్నారని తేలింది.

ఐచ్ఛికం అన్న ఏర్పాటు తనంతట తానే చెడిపోయే తీరు చూడండి. తక్కువ వచ్చినవాళ్లు పంపరు కాబట్టి చేరినవాళ్ల సగటు ఏటా పైకి జరుగుతుంది. అది చూసి మధ్యస్థంగా వచ్చినవాళ్లూ మానేస్తారు, సగటు ఇంకా జరుగుతుంది. ఎప్పుడు పంపాలో, ఎప్పుడు దాచాలో చెప్పే కౌన్సెలర్ డబ్బున్న బడిలో ఉంటాడు. లేని బడిలో పిల్ల తన వంతు తానే ఊహించుకోవాలి.

ఎంఐటీ 2022 మార్చిలోనే పరీక్షను వెనక్కి తెచ్చింది. అక్కడ ఏ కోర్సు చదివినా రెండు సెమిస్టర్ల కాలిక్యులస్, రెండు సెమిస్టర్ల ఫిజిక్స్ తప్పవు. ఆ లెక్కలకు పిల్లవాడు తట్టుకోగలడా లేదా అన్నది ముందు తెలియాలి. కాలిక్యులస్ చెప్పే టీచరే లేని బడి నుంచి వచ్చినవాడికి ఆ సంగతి రుజువు చేసుకునే దారి శాట్ లాంటి పరీక్షే. తట్టుకోగలడని తేలాక ఇక నిండు మార్కుల కోసం చూడబోమని కూడా వాళ్లు చెప్పారు. 2024 ఫిబ్రవరిలో డార్ట్‌మత్, మార్చిలో బ్రౌన్, ఏప్రిల్‌లో హార్వర్డ్, కాల్‌టెక్ అదే బాట పట్టాయి. యేల్ కూడా పరీక్ష అడుగుతోంది గానీ శాట్ బదులు మరో మూడు పరీక్షల్లో ఏదైనా ఒప్పుకుంటుంది. కొలంబియా మాత్రం ఐచ్ఛికంగానే ఉంచేసింది.

డబ్బు ఏ తలుపున వస్తుంది

ఇక్కడ శాట్ వ్యతిరేకుల వాదన గట్టిగా వినాలి. రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ బృందం లెక్కల ప్రకారం, అత్యంత ధనికులైన నూటికి ఒక్కరి పిల్లలు 1300 దాటే అవకాశం పేద కుటుంబాల పిల్లలతో పోలిస్తే 13 రెట్లు. అంటే మార్కులో ఇంటి ఆస్తి ఉంది. ఇది కాదనలేని నిజం. పుస్తకాలు, నిద్ర, తిండి, మంచి బడి, ఇంట్లో మాటలు అన్నీ కలిసి ఆ అంకెలోకి వస్తాయి. సాక్షి చెబుతున్నది ఈ అసమానత గురించే. సాక్షిని పంపేస్తే అసమానత పోదు, మన కంట పడకుండా పోతుంది.

అదే బృందం 2023 జులైలో ఇంకో సంగతి చూపించింది. ఐవీ లీగ్ ఎనిమిది, వాటితో పాటు స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, చికాగో: ఈ పన్నెండింటిలో చేరే అవకాశం, ఒకే శాట్ మార్కు తెచ్చుకున్న మధ్యతరగతి పిల్లవాడి కన్నా అత్యంత ధనికుల బిడ్డకు రెట్టింపుకు పైగా ఉంది. మార్కు ఒకటే, అవకాశం రెట్టింపు. ఆ రెట్టింపు మార్కులోంచి రాలేదు. పూర్వ విద్యార్థుల పిల్లలకిచ్చే మొగ్గు, ఆటగాళ్ల ఎంపిక, చదువుతో సంబంధం లేని వ్యక్తిత్వ మార్కులు: ఎక్కువగా ఈ మూడు తలుపుల నుంచి వచ్చింది. ఆటలంటే వీధిలో ఆడేవే కాదు. కత్తియుద్ధం, పడవ పందేలు, స్క్వాష్ కూడా ఉన్నాయి.

మార్కు బదులు దరఖాస్తుతో వ్యాసం రాయించుకుంటే సమానంగా ఉంటుందా? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసిన 60,000 మంది వ్యాసాలను పరిశోధకులు కంప్యూటర్‌తో చదివించి 2021లో ప్రచురించారు. ఇంటి ఆదాయంతో శాట్ మార్కుకున్న సంబంధం కన్నా వ్యాసంలోని విషయానికున్న సంబంధమే బలంగా ఉంది. ఇక డబ్బుతో నేరుగా కొనేవాళ్లూ ఉన్నారు. 2019 మార్చిలో బయటపడ్డ కుంభకోణంలో రిక్ సింగర్ అనే మధ్యవర్తి రెండు పనులూ చేశాడు. కొందరికి శాట్ జవాబులు దిద్దించాడు, కొందరిని ఆడని ఆటల్లో క్రీడాకారులుగా చూపించాడు. మార్కు దొంగతనానికి మనిషిని పెట్టుకోవాలి. ఆటగాడిగా చూపడానికి కోచ్‌ను కొనాలి. వ్యక్తిత్వానికి అలాంటి లంచం కూడా అక్కర్లేదు.

మనవాళ్లకు నేరుగా తగిలిన కేసు హార్వర్డ్‌ది. ఆసియా మూలాల విద్యార్థుల తరఫున వేసిన దావాలో హార్వర్డ్ తన గుప్త మార్కుల పద్ధతి కోర్టు ముందు పెట్టాల్సి వచ్చింది. చదువులో, బడి బయటి కార్యక్రమాల్లో గట్టిగా ఉన్న ఆసియా అభ్యర్థులకు వ్యక్తిత్వం దగ్గర మాత్రం మార్కులు తగ్గాయి. ఫిర్యాదుదారుల లెక్కల ప్రకారం, ఆ పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడిన పూర్వ విద్యార్థులు వాళ్లకు మంచి మార్కులే వేశారు. ఎన్నడూ చూడని అడ్మిషన్ ఆఫీసువాళ్లు తగ్గించారు. ఉద్దేశపూర్వక వివక్ష లేదని 2019లో కింది కోర్టు అంది. 2023 జూన్ 29న సుప్రీంకోర్టు జాతిని లెక్కలోకి తీసుకోవడమే కూడదని తీర్పిచ్చింది. నల్లజాతివారికి దశాబ్దాలుగా ఉన్న ఆసరా దాంతో పోయింది, దాన్ని మనవాళ్ల గెలుపుగా చెప్పుకోవడం సిగ్గుచేటు. ఆ కేసులోనే బయటపడ్డ ఇంకో లెక్క ఉంది. హార్వర్డ్ చేర్చుకున్న తెల్లవారిలో 43 శాతానికి పైగా ఆటగాళ్లో, పూర్వ విద్యార్థుల లేక ఉద్యోగుల పిల్లలో, డీన్ ప్రత్యేక జాబితాలోని వాళ్లో. ఆ తలుపు మీద సుప్రీంకోర్టు చెయ్యి వేయలేదు. హార్వర్డ్ శాట్‌ను వెనక్కి పిలిచింది గానీ పూర్వ విద్యార్థుల పిల్లల మొగ్గును వదల్లేదు. ఎంఐటీ, కాల్‌టెక్‌లలో అది లేదు. 2024లో కాలిఫోర్నియా రాష్ట్రం ప్రైవేటు కాలేజీల్లోనూ దాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది.

మన సంగతి

మన ఐఐటీల్లో ఈ తలుపులేవీ లేవు. ఐఐటీకి నీ తండ్రి ఎవరో అక్కర్లేదు, వ్యాసం అక్కర్లేదు, వ్యక్తిత్వం అసలే అక్కర్లేదు. దాని విలువ తెలిసినవాళ్లం మనం. డొనేషన్లు కట్టి సీట్లు కొనే రోజులు చూశాక 1983లో ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ దశాబ్దంలోనే ఎంసెట్ వచ్చింది. పల్లెటూరి పిల్లవాడు ఓఎంఆర్ షీటు మీద పెన్సిల్‌తో చుక్కలు నింపి ఇంజనీరు కాగలిగాడు. ఆ పరీక్షను తక్కువ చేసి మాట్లాడే హక్కు మనలో ఎవరికీ లేదు. ఈ హాల్లో సగంమంది దాని పుణ్యాన ఇక్కడున్నవాళ్లే.

తప్పు ఎక్కడ జరిగిందంటే ఒక్క మార్కుకే మొత్తం తీర్పు అప్పగించడంలో. 2024లో జేఈఈ అడ్వాన్స్‌డ్ 1,80,200 మంది రాశారు, సీట్లు 17,740. ఒక్క ప్రశ్న అటో ఇటో అయితే ర్యాంకు వందల్లో జారుతుంది. ర్యాంకు మారితే బ్రాంచి మారుతుంది, ఊరు మారుతుంది, పెళ్లి సంబంధాల్లో చెప్పుకునే మాట కూడా మారుతుంది. పరీక్షకు ఉన్న కొలత శక్తి అంత సన్నం కాదు. లేని సూక్ష్మతను ఉన్నట్టు నటిస్తూ, ఆ నటన మీద పిల్లల జీవితాలు కట్టాం. ఆ సన్నని తేడా కోసమే ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ పుట్టింది. తెల్లారకముందే మొదలై రాత్రి పది దాటేదాకా సాగే స్టడీ అవర్లు, ఆదివారం వీకెండ్ టెస్ట్, సోమవారం గోడ మీద ర్యాంకుల పట్టిక, ర్యాంకును బట్టి మారే సెక్షన్. మైదానం లేని బడులు, చరిత్ర పాఠం వినని పదిహేనేళ్ల పిల్లలు.

సాక్షి తప్పు చెప్పగలడన్న జ్ఞాపకం కూడా మనకు ఉండాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తెలుగు పేపరుకు సున్నా వచ్చిన ఒక విద్యార్థికి తిరిగి చూస్తే 99 వచ్చాయి. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అంకె తప్పు కావచ్చన్న అనుమానం ఇంట్లో ఒక్కరికి కలిగినా ఆగేవాళ్లేమో. మన ఇళ్లలో అంకెను అనుమానించే అలవాటు పోయింది, పిల్లవాణ్ణి అనుమానించడమే మిగిలింది.

మరి ఏం చేయాలి

పరీక్ష ఉండాలి. బడిలో చెప్పే పాఠం నుంచే అది ఉండాలి. పాఠం దాటి అడిగితే కోచింగ్ సెంటర్‌కు డప్పు కొట్టినట్టే. 2013 నుంచి 2016 దాకా జేఈఈ మెయిన్ ర్యాంకులో 40 శాతం బోర్డు మార్కులు కలిపారు. ఒక్కో బోర్డు ఒక్కో రకంగా మార్కులు వేస్తుంది కాబట్టి లెక్క కుదరక 2017లో మానేశారు. నమ్మకం లేని రెండు అంకెలు కలిపితే నమ్మకమైన అంకె రాదు. ముందు బోర్డు పరీక్షను నమ్మదగినదిగా చేసుకోవాలి.

మార్కుతో ఒక హద్దు గీయాలి. ఈ చదువుకు తట్టుకోగలడా లేదా అన్నది ఆ హద్దు చెప్పాలి. దాన్ని దాటినవాళ్లలో 212వ వాడికీ 389వ వాడికీ మధ్య దైవదత్తమైన తేడా ఏదో ఉందన్న భ్రమ వదులుకోవాలి. దాటినవాళ్లు సీట్లకన్నా ఎక్కువైతే లాటరీ తీయమని మైకేల్ శాండెల్ 2020లో తన పుస్తకంలో సూచించాడు. మనకు అది విడ్డూరంగా తోస్తుంది. ఒక్క నెగెటివ్ మార్కు మీద ఆధారపడే ర్యాంకులో లాటరీ పాలు ఎంతుందో ఆలోచిస్తే అంత విడ్డూరం కాదు. చీటీ తీసినవాడు కనీసం ఓడినవాణ్ణి తెలివితక్కువవాడని అనడు. లాటరీ వద్దంటే హద్దు దాటినవాళ్లలో ప్రభుత్వ బడి పిల్లలకు, మొదటి తరం చదువరులకు ముందు చోటు ఇవ్వవచ్చు. 2018 నుంచి ఐఐటీలు అమ్మాయిలకు అదనపు సీట్లు సృష్టించాయి. పునాదులేమీ కదల్లేదు.

హద్దు పద్ధతి మన దేశంలోనే ఒకచోట నడుస్తోంది. ఐఐటీ మద్రాస్ 2020లో ప్రకటించిన డేటా సైన్స్ కోర్సుకు జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు విని, అసైన్‌మెంట్లు చేసి, అర్హత పరీక్షలో గీత దాటిన ప్రతి ఒక్కరికీ చోటు ఉంది. ముందు చెప్పి తర్వాత అడగడం అందులో ఉన్న మంచి. ఆన్‌లైన్ కోర్సు కాబట్టి సీట్ల బాధ లేదనవచ్చు, నిజమే. అప్పుడు బాధ పిల్లల తెలివిలో లేదని, మనం కట్టని తరగతి గదుల్లో ఉందని ఒప్పుకున్నట్టే.

చివరిగా ఒక మాట, ఇది విద్యాశాఖలకూ ఐఐటీలకూ కూడా వర్తిస్తుంది. డార్ట్‌మత్ తన మనసు ఎందుకు మార్చుకోగలిగింది? ఏ మార్కుతో వచ్చినవాడు నాలుగేళ్లలో ఎలా చదివాడో లెక్కతీసి, తన విధానం తప్పని తేలినా బయటపెట్టింది. కాలిఫోర్నియాలో పాలకమండలి వినకపోయినా అధ్యాపకుల నివేదిక అందరి ముందూ ఉంది. శాండియాగోవాళ్లు తమ తరగతి గదిలోని ఇబ్బందిని దాచుకోలేదు. మన దగ్గర 1960ల నుంచి జేఈఈ ర్యాంకులున్నాయి, ఆ పిల్లల సెమిస్టర్ గ్రేడ్లున్నాయి. కోచింగ్‌తో వచ్చిన మూడు వందల ర్యాంకు, కోచింగ్ లేకుండా వచ్చిన ఆరువేల ర్యాంకు నాలుగో ఏడాదికి ఎక్కడ తేలారో పేర్లు లేకుండా ఏటా ప్రచురించవచ్చు. ఎంసెట్ ర్యాంకులకూ, ఇంటర్ మార్కులకూ అదే పని చేయవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త పరీక్ష అక్కర్లేదు. ఆ లెక్క బయటికొస్తే పరీక్షను ఎంతవరకు నమ్మాలో ఎవరి ఆవేశం మీదా ఆధారపడకుండా తేలుతుంది. ఈ ధర్మనిధిని నిలబెట్టినవాళ్లలో ప్రొఫెసర్లున్నారు, ఐఏఎస్ అధికారులున్నారు, కాలేజీలు నడిపేవాళ్లూ ఉన్నారు. వచ్చే ఏడాది ఈ వేదిక మీదికి వచ్చే వక్త చేతిలో ఒక్క విశ్వవిద్యాలయం లెక్కైనా ఉండేలా చూడమని మిమ్మల్ని అడుగుతున్నాను.